ఔటు పరుపు

మా నాయన నన్ను దరియావలికి ఇచ్చింది ఆస్తి చూసి కాదు, చెయ్యి చూసి.

అప్పట్లో మా ఆయన కబడ్డీలో కూతకు వెళ్తే తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆపగలిగినవాడు లేడు. ఇందుకూరుపేటలో ఒక ఫైనల్ జరిగింది. ఆఖరి క్షణాల్లో అవతలి కూతగాడి వేలి కొస ఈయన మడమకు తగిలిందట. అంపైర్లు చూడలేదు. తాకినవాడికీ తెలియలేదు. ఈయన మాత్రం చెయ్యెత్తి, "నేనౌటు" అని గీత దాటి బయటికి వచ్చేశాడు. కప్పు పోయింది. గెలిచిన ఊరివాళ్ళు తమ కెప్టెన్‌ను వదిలేసి ఈయన్ను భుజాలకెత్తుకున్నారు. జనంలో నిలబడి అదంతా చూసిన మా నాయన ఇంటికొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా మా అమ్మతో అన్నాడు: "మే, సాహిరాకు సంబంధం చూసినా. నిజం చెప్పే మొగుడు దొరకడం ఈ రోజుల్లో కష్టం."

నిజం చెప్పే మొగుడితో కాపురం ఇంకా కష్టమని మా నాయనకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి పులుసు ఎట్లా ఉందని అడిగాను. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

దూదేకి పరుపులు కుట్టడం మా ఇంటి పని. పగలంతా దూది, సాయంత్రమయితే కబడ్డీ. మా షాహీన్ పుట్టిన ఏడాది నెల్లూరు పోటీల్లో నలుగురు కలిసి వేసిన పట్టులో ఆయన మోకాలు తిరిగిపోయింది. కట్టు విప్పాక కుంటు మిగిలింది. ఆట పోయింది గాని పిచ్చి పోలేదు. కోర్టు గట్టున కూర్చుని, లోపల ఎవరు కూతకు వెళ్ళినా వాళ్ళతో పాటు ఈయన ఊపిరి బిగబట్టేవాడు. ఇట్లా అయితే ఊపిరాడక పోతాడని భయపడ్డారో ఏమో, క్లబ్బువాళ్ళు ఆయన్ను సెక్రటరీని చేశారు.

సెక్రటరీ అంటే కుర్చీ, బల్ల, బెల్లు అనుకున్నాను. తీరా చూస్తే కోర్టు మట్టి జల్లెడ పట్టి గుల్లలేరేదీ ఆయనే, నీళ్ళు చల్లేదీ ఆయనే, సున్నంతో గీతలు గీసేదీ ఆయనే. అవతలి ఊరి జట్టు అలిగితే బతిమాలేది, దెబ్బ తగిలిన పిల్లల్ని ఆటోలో నెల్లూరు తీసుకెళ్ళేది, వాళ్ళ అమ్మల చేత తిట్లు తినేది కూడా ఆయనే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, మాది అచ్చంగా ఆ సంసారం. పల్లకీ కూడా ఆయనే మొయ్యాలి, అంతే తేడా.

అయినా ఒక మాట చెప్పాలి. కబడ్డీలో ఔటైనవాళ్ళు బయట వరసగా కూర్చుంటారు. తమ జట్టు పాయింటు తెస్తే, ముందు ఔటైనవాళ్ళు ముందు లేచి మళ్ళీ ఆటలోకి వెళ్తారు. అన్ని ఊళ్ళలో వాళ్ళు కటిక నేల మీద కూర్చుంటే, మా ఊళ్ళో మాత్రం పొడవాటి పలచని పరుపు మీద కూర్చుంటారు. ఈయనే కుట్టాడు. ఎందుకయ్యా అంటే, "ఔటైనోడికి మనసు బాగుండదు. కిందన్నా మెత్తంగా ఉండనీ" అన్నాడు. దానికి ఔటు పరుపు అని పేరు పడింది. ఆ మాటన్న రోజు ఆయన మీద నాకున్న కోపాలన్నీ పోయాయి. మర్నాటికి మళ్ళీ వచ్చాయనుకోండి.

క్లబ్బులో ఆయన పెట్టిన ఆచారం ఒకటే. ఔటైనవాళ్ళు అంపైరు విజిల్ కోసం చూడకూడదు, తామే చెయ్యెత్తాలి. ఎవరైనా ఎత్తకుండా నిలబడితే బల్ల దగ్గర కూర్చున్న సెక్రటరీ చెయ్యి లేచేది. అది మా వాళ్ళ మీదే లేచేది గాని, అవతలి జట్టు మీద ఎన్నడూ లేవలేదు. అందుకని బయటి ఊళ్ళవాళ్ళు కూడా ఆ చెయ్యిని నమ్మారు. రూల్సులో ఎక్కడా లేకపోయినా, అంపైర్లు తమకు అనుమానం వచ్చినప్పుడు ఆయన వైపు ఒకసారి చూసేవారు. చెయ్యి లేస్తే మావాళ్ళు ఔటు, లేవకపోతే కాదు.

మా షాహీన్ తండ్రి కాళ్ళు, నా నోరు తెచ్చుకుంది. ప్రాక్టీసులో దాన్ని తాకినవాళ్ళకు పాపం చుట్టుకున్నట్టే. "యాడ తగిలిందో చూపించు. ఏ వేలు? గోరా, కండా?" అని దుమ్మెత్తిపోస్తుంది. చివరికి చెయ్యెత్తుతుంది, కాదనను. కాని ఎత్తేలోపు అవతలి పిల్లకు ఏడుపొస్తుంది.

ఆడపిల్లల జట్టు పెట్టాలని షాహీన్, దాని స్నేహితురాలు వెన్నెల ఈయన ప్రాణం తీశారు. ఈయన క్లబ్బు ప్రెసిడెంటు హజరత్తయ్య ప్రాణం తీశాడు. హజరత్తయ్య గారికి వరిపొలాలు, రొయ్యల గుంటలు ఉన్నాయి. మంచివాడే, కాని నోట్లోంచి మాట కంటే ముందు కాదనడం వస్తుంది. ఉన్నది ఒకటే కోర్టు. సాయంత్రం పూట అది ఆడపిల్లలకిస్తే మగపిల్లలు ఎక్కడ ఆడాలని ఆయన పట్టు. ఈయన వారం రోజులు గుంటల గట్లమ్మట కుంటుకుంటూ ఆయన వెనక తిరిగాడు. ఆఖరికి ఆయనే విసిగిపోయాడు.

"సరే దరియావలీ, ఈ ఒక్క ఏడాది ఇస్తుండా. ఎండాకాలం టోర్నమెంటులో కప్పు కొడితే జట్టు ఉంటాది. లేదంటే కోర్టు మగపిల్లలకు, వీళ్ళు ఇండ్లకు. తర్వాత నన్ను ఏడిపించగూడదు."

షాహీన్ ఆ రోజు నుంచి నిద్రలో కూడా కూతేసింది. చదువుతున్న కాలేజీలో ఆట లేదు, ఊళ్ళో ఇంకో కోర్టు లేదు. ఈ జట్టు పోతే దానికి ఆట పోయినట్టే. ఆ సంగతి అది నోటితో అనలేదు. అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో గీతలు గీస్తుంటే నాకు అర్థమయ్యేది.

ఇంతలో ఇంకో సంగతి బయటపడింది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిన సాయంత్రం ఊరంతా మిద్దెలెక్కింది. అందరూ దక్షిణం వైపు వేళ్ళు చూపించారు. ఈయనా చూపించాడు.

"అబ్బ, ఎంత నిదానంగా పోతుండాదో చూడు" అన్నాడు.

అప్పటికి రాకెట్ మాయమై, జనం మెట్లు దిగుతున్నారు.

"ఏమయ్యా, నీకు కనపడుతుండాదా లేదా?" అన్నాను.

"మంచు కమ్మిందిమే."

"నడి ఎండాకాలంలో మంచేంది? పక్కింటోళ్ళు నవ్వుతారు."

అప్పుడు నాకు ఒక్కొక్కటే కలిసొచ్చింది. సూదిలో దారం షాహీన్ చేతనే ఎక్కించుకుంటున్నాడు. దూదిలో గింజ ఉందో లేదో చూడకుండా వేళ్ళతో నలిపి చెబుతున్నాడు. కోర్టులో ఎవరు కూతకొచ్చారో ఊపిరి తీరును బట్టి పోల్చుకుంటున్నాడు. మర్నాడే నెల్లూరు లాక్కెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేస్తే సరిపోతుంది అన్నాడు డాక్టరు. ఈయన చిన్నపిల్లాడిలా తల అడ్డంగా ఊపాడు. టోర్నమెంటు అయ్యాకే అట.

దారిలో ఆటోలో తగువు పెట్టుకున్నాను. "గీతలు నేను గీస్తా, నీళ్ళు షాహీన్ చల్లుతాది. నువ్వు పోయి కండ్లు చేయించుకో."

"గీతల కోసం కాదు సాహిరా" అన్నాడు. "సెక్రటరీకి కండ్లు కనపడవంటే ఇంక ఆ చెయ్యికి విలువేముంటాది? అదొకటే నాకు మిగిలింది."

ఆ మాటకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకు రెండూ కలిసే వస్తాయి. ఇంటికొచ్చి షాహీన్‌కు చెప్పాను. ఆ రాత్రి నుంచి అది తండ్రికి కంచం అందించేటప్పుడు చేతిలో పెట్టి గాని వదిలేది కాదు.

టోర్నమెంటు వచ్చింది. మా పిల్లలు ఒక్కో జట్టునూ మట్టి కరిపించుకుంటూ ఫైనల్‌కు వచ్చారు. ఫైనల్ మైపాడు వైపు జట్టుతో. వాళ్ళ కూతపిల్ల నవోమి, సముద్రం మీద పెరిగిన పిల్ల, నీళ్ళలో చేపలా జారిపోతుంది. హజరత్తయ్య గారు తెల్లచొక్కా వేసుకుని మైకు పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఈయన బల్ల దగ్గర. నేను మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర. జెర్సీలు నేనే కుట్టాను. కొలతలు తీయించుకోమంటే ఒక్క పిల్లా కుదురుగా నిలబడలేదు. అందుకని అందరివీ కాస్త వదులుగానే వచ్చాయి.

చివరి కూత దాకా మా వాళ్ళే ముందున్నారు. కాని అప్పటికి ఒక్కొక్కరే ఔటై, వెన్నెలతో సహా అందరూ ఔటు పరుపు మీదికి చేరారు. కోర్టులో షాహీన్ ఒక్కతే మిగిలింది. కూతకు వచ్చేది నవోమి. షాహీన్‌ను తాకిందా, జట్టు మొత్తం ఔటు, అందరినీ ఔటు చేసినందుకు ఇచ్చే పైపాయింట్లు కలిసి కప్పు వాళ్ళది. తాకలేకపోతే కప్పు మాది, కోర్టు మాది.

నవోమి గీత దాటింది. షాహీన్ మూలకు జరిగింది. నవోమి కాలు విసిరింది, ఇది ఎగిరింది. చెయ్యి చాపింది, ఇది విల్లులా వంగింది. అప్పుడే సముద్రం గాలి రివ్వున కొట్టి కోర్టు మీద దుమ్ము లేచింది. షాహీన్ వీపు మీద జెర్సీ రెపరెపలాడింది. నవోమి గిర్రున తిరిగి గీత దాటి తన వైపు పడింది. విజిల్ మోగింది.

జెర్సీ ఊగింది. గుడ్డకు తగిలినా ఔటే. చెయ్యి తగిలి ఊగిందా, గాలికి ఊగిందా? అంపైరు కిషోర్ బాబు బళ్ళో డ్రిల్లు మాస్టరు. దుమ్ముకు కళ్ళు నులుముకుంటున్నాడు. రెండో అంపైరు వైపు చూశాడు. ఆయన భుజాలెగరేశాడు. తర్వాత ఇద్దరూ కలిసి, అలవాటుగా, మా ఆయన వైపు తిరిగారు.

జనమంతా ఆయన వైపు తిరిగారు. ఆయనకు ఆ మూల కనపడదని నాకు తెలుసు, షాహీన్‌కు తెలుసు. నాకు కనపడలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన పెదవులు కదిలాయి. ఆ మాట మాత్రం రాలేదు. మెల్లగా చెయ్యి లేచింది.

షాహీన్ తండ్రినే చూస్తూ ఒక్క క్షణం నిలబడింది. ఏ వేలు, గోరా కండా అని అరుస్తుందనుకున్నాను. అరవలేదు. తనూ చెయ్యెత్తి, గీత దాటి, వెళ్ళి పరుపు మీద చివరన కూర్చుంది.

అవతలివాళ్ళు ఎగిరి గంతులేశారు. ఆ సందట్లోంచి నవోమి నీళ్ళకని నా దగ్గరికి వచ్చింది. గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడింది.

"అక్కా, నా చెయ్యి ఆమె గుడ్డకు గూడా తగల్లేదనుకుంటుండా" అంది. "కాని సెక్రటరీ గారు చెయ్యెత్తినాక నాకే అనుమానమొచ్చింది. ఆయన ఎత్తినాడంటే తగిలే ఉంటాదిలే."

ఆ పిల్ల తన చెయ్యి కన్నా మా ఆయన చెయ్యిని ఎక్కువగా నమ్మింది. అంతకంటే శిక్ష ఇంకేముంటుంది?

నేను కొంగు దోపుకుని బల్ల దగ్గరికి బయలుదేరాను. ఈ రోజు ఈయన సంగతి తేల్చాల్సిందే అనుకున్నాను. అప్పటికే షాహీన్ అక్కడ ఉంది. ఈయన తడుముకుంటూ దాని భుజం పట్టుకున్నాడు.

"తగిలింది గదమ్మా?"

"తగిలింది నాయనా" అంది షాహీన్ వెంటనే.

నేను నోరు తెరిచాను. అది వెనక నుంచి నా చెయ్యి గట్టిగా గిచ్చింది. దాని కళ్ళ నిండా నీళ్ళు. ఆయనకు కనపడవని ధైర్యం కాబోలు, తుడుచుకోలేదు.

కాని ఆయనకు చెవులున్నాయి గదా. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల ఒక్కసారైనా తగిలిందని వెంటనే ఒప్పుకున్నది లేదు. ఆయన చెయ్యి దాని భుజం మీదే ఉండిపోయింది. "అట్టనా" అని మాత్రం అన్నాడు.

అక్కడ మైకులో హజరత్తయ్య గారు మొదలుపెట్టారు. మైపాడు జట్టును మెచ్చుకున్నారు. మా పిల్లలు బాగా ఆడారన్నారు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "మాటంటే మాటే. రేపటి నుంచి సాయంత్రం కోర్టు మగపిల్లలకు..." అన్నారు. పరుపు మీద కూర్చున్న వెన్నెల తల మోకాళ్ళలో పెట్టుకుంది.

ఈయన లేచాడు. కుంటుకుంటూ మైకు దగ్గరికి నడిచాడు. దారిలో కుర్చీ తగిలి తూలితే ఎవరో పట్టుకోబోయారు, వదిలించుకున్నాడు. హజరత్తయ్య గారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"అందరూ ఇటు చూడండయ్యా" అన్నాడు. "నాకు రెండు కండ్లల్లోనూ పొరలు ముదిరిపోయినాయి. ఎదురుగా ఉండే మనిషి మొహం ఆనవాలు కట్టలేను. ఇందాక ఆ మూల ఏం జరిగిందో నాకు కనపళ్లా. కనపళ్లేదని చెప్పడానికి సిగ్గయింది. చూడకుండానే చెయ్యెత్తినా. నా మానం కాపాడేదానికి నా బిడ్డ అబద్ధమాడింది. పుట్టి ఇన్నేండ్లకు మొదటిసారి తగిలిందని గమ్మున ఒప్పుకునింది."

గుంటల్లో రొయ్యలకు గాలి పంపే చక్రాల చప్పుడు ఒకటే వినిపిస్తోంది.

"విజిల్ పడినాక ఆట మారదు. కప్పు మైపాడు పిల్లలదే, బాగా ఆడినారు. ఇంక మా వాళ్ళల్లో ఔటైంది షాహీన్ కాదు" అని చెయ్యెత్తాడు. "నేనౌటు."

మైకు హజరత్తయ్య గారి చేతిలో పెట్టి, కోర్టు చుట్టూ నడిచి వెళ్ళి ఔటు పరుపు మీద కూర్చున్నాడు. తను కుట్టిన పరుపు మీద తను కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన ఆడిన రోజుల్లో ఆ పరుపు లేదు.

ఈ పేరు కోసమే గదా మా నాయన నన్నిచ్చాడు, ఈ పేరు కోసమే గదా ఈయన కళ్ళు కూడా చేయించుకోలేదు. ఆ పేరును ఊళ్ళన్నీ చూస్తుండగా మట్టిలో పెట్టి వచ్చి కూర్చున్నాడు. తిట్టడానికని వెళ్ళినదాన్ని, పక్కన నిలబడి ఆయన తల మీద దుమ్ము దులిపాను.

హజరత్తయ్య గారు మైకు పట్టుకుని చాలాసేపు గడ్డం గోక్కున్నారు. ఆయన నోటికి ముందు వచ్చేది కాదనడమే గదా.

"కాదబ్బా" అన్నారు చివరికి. "అట్టయితే ఓడింది ఆడపిల్లలు కాదు గదా, సెక్రటరీ గదా? మాటంటే మాటే. ఓడని జట్టును నేనెట్టా తీసేస్తా? కోర్టు పిల్లలకే ఉంటాది." జనం చప్పట్లు కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఇంకోటి వినండి. దరియావలి ఔటని వాడే చెప్పినాడు గాబట్టి ఔటే. కండ్లు చేయించుకునేదాకా ఈ బల్ల దగ్గరికి వస్తే కాళ్ళిరగ్గొడతా. రేపు నా కార్లో నేనే తీసుకుపోతా."

ఆపరేషన్ అయింది. ముందు ఒక కన్ను, కొన్నాళ్ళకు రెండోది. కట్టు విప్పిన రోజు ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సాహిరా, ఎంత ముసల్దానివైపోయినావే" అన్నాడు. నిజం చెప్పే మొగుడు. "నువ్వేమో పెండ్లికొడుకువి" అని చుక్కల మందు రెండు చుక్కలు ఎక్కువే వేశాను.

తర్వాత నవోమి వాళ్ళ జట్టు స్నేహంగా ఒక ఆట ఆడదామని మా ఊరికి వచ్చింది. ఈయన నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. బల్ల దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది. కిషోర్ బాబు రమ్మని పిలిచాడు, హజరత్తయ్య గారు రమ్మని కేకేశారు. ఈయన వినలేదు. నేరుగా వెళ్ళి ఔటు పరుపు మీద మొదట్లో కూర్చున్నాడు.

"కండ్లు వచ్చినాయి గదయ్యా, ఇంకా ఆడ కూర్చునేదెందుకు?" అన్నాను.

"కండ్లు వస్తే ఔటు పోతాదా? జట్టు పాయింటు తేవాల. అప్పుడు గదా లోపలికి పొయ్యేది" అన్నాడు.

ఇటువంటి మనిషితో ఏం వాదిస్తాం? వెళ్ళి నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. ఆట మొదలైంది. నవోమి మొదటి కూతలోనే మా పిల్లనొకదాన్ని తాకింది. ఆ పిల్ల చెయ్యెత్తి వచ్చి ఈయన పక్కన కూర్చుంది. తర్వాత వెన్నెల కూతకు వెళ్ళి, వాళ్ళ మూలపిల్లను తాకి గీత మీద పడింది. పాయింటు మాది. పరుపు మీది పిల్ల లోపలికి వెళ్ళడానికి లేచింది.

"ఆగుమే" అని కోర్టులోంచి అరిచింది షాహీన్. నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం నా నోటితో. "వరస తప్పితే ఒప్పుకోను. ముందు ఔటైనోళ్ళే ముందు లోపలికి. నాయనా, లే!"

ఆ పిల్ల నవ్వుతూ కూర్చుంది. అంపైరు కిషోర్ బాబు విజిల్ నోట్లోంచి తీసేసి పక్కకు తిరిగాడు. పిల్లలంతా చేతులు పట్టుకుని వరసగా నిలబడి, మధ్యలో ఒక మనిషికి చోటు వదిలారు.

ఆయన నల్లద్దాలు సర్దుకుని లేచాడు. లుంగీ ఎగ్గట్టి, గీత దగ్గర వంగి నేలను తాకి, కుంటుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఒక పక్క షాహీన్ చెయ్యి, ఇంకో పక్క వెన్నెల చెయ్యి పట్టుకున్నాడు.

దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.